శుద్ధీ ఆవరణమూ: చెత్తగుట్ట మీది ప్లాస్టిక్ పచ్చిక

నేల మలినమైతే దానిని శుద్ధి చేసే మార్గాలు అయిదని మనుస్మృతి అయిదో అధ్యాయం చెబుతుంది: ఊడ్వడం, అలకడం, నీళ్లు చల్లడం, పైమట్టిని గీకి తీసివేయడం, ఆవులను ఉంచడం. ఈ అయిదింటిలో కప్పివేయడం లేదు. అలకడం కూడా ఒకరకంగా కప్పడమే కదా అన్న శంకకు సమాధానం వికారాబాద్ జిల్లా నవాబుపేట వంటి పల్లెల వాకిళ్లలోనే దొరుకుతుంది. పేడతో అలికిన మట్టినేల ఎండకు సన్నని నెర్రెలు విచ్చి, నడిచే కాళ్ల కింద పొరలుగా లేచి, నాలుగు రోజులు గడవకముందే మళ్లీ పేడనూ నీళ్లనూ చేతినీ అడుగుతుంది. అలుకు నేలను మరుగుపరచదు. నేల పట్ల ఇంటివారికున్న బాధ్యతను మళ్లీ మళ్లీ గుర్తుచేస్తుంది. మూసివేసిన చెత్తగుట్టలను, ముఖ్యంగా కృత్రిమ పచ్చికతో, కప్పడంలోని ధర్మాధర్మాలను విచారించడానికి ఈ భేదమే ఆధారం.

నిండిపోయిన చెత్తగుట్టలోకి వాననీరు దిగకుండా, లోపల పుట్టే వాయువులు అదుపు తప్పకుండా, పైన పొరలు పరిచి మూసివేయడాన్ని క్యాపింగ్ అంటారు. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 ఇందుకు నిర్దేశించినవి మూడు పొరలు: నీరు దాదాపు ఇంకని 60 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై నీటిని పక్కకు పారించే 15 సెంటీమీటర్ల పొర, అన్నిటికీ పైన మొక్కలు బతికేందుకు 45 సెంటీమీటర్ల మట్టి. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న దాదాపు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తను సింథటిక్ పొరలతోనూ మట్టితోనూ కప్పి, పైన గడ్డి పెంచారు. అమెరికాలో కొన్ని చోట్ల ఆ పైమట్టికి బదులుగా కృత్రిమ పచ్చికను వాడుతున్నారు: అడుగున చిన్న చిన్న బుడిపెలున్న ప్లాస్టిక్ షీటు, దానిపై ఆటస్థలాల్లో కనిపించేలాంటి పాలిథిలిన్ పోచలు, ఆ పోచలు గాలికి లేవకుండా వాటి నడుమ బరువుగా నింపిన ఇసుక.

ఈ పద్ధతిని వినగానే కలిగే ఏవగింపును వాదంగా పరిగణించడం తొందరపాటు అవుతుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు కనుక, 45 సెంటీమీటర్ల మందాన మట్టి పరచడానికి ఎకరానికి 1,800 ఘనపు మీటర్లకు పైగా మట్టి కావాలి. 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పరుకు అది 180 లోడ్ల పైమాటే. ఆ మట్టిని ఏ ఊరి చెరువు శిఖంలోనో, ఏ గుట్ట పక్కనో తవ్వి తేవలసిందే కాబట్టి, ఒక నేల పుండును మూయడానికి మరో నేల చర్మాన్ని ఒలుస్తున్నామన్నది కాదనలేని మాట. పైగా నిటారు వాలుల మీది మట్టి పెద్ద వానలకు కోసుకుపోతుంది. ప్లాస్టిక్ పచ్చిక ఈ రెండు హానులనూ తగ్గిస్తుంది. అయితే అది ఎండకు క్రమంగా పెళుసుబారుతుంది, అరిగిన కొద్దీ సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులను వదులుతుంది, విత్తనం పడినా వేరూనే చోటివ్వదు.

కృత్రిమ ప్రకృతి తగునా అన్న ప్రశ్నకు పాశ్చాత్య చింతనలో అర్ధశతాబ్ది చరిత్ర ఉంది. లాస్ ఏంజెలెస్‌లో రోడ్డు మధ్య ప్లాస్టిక్ చెట్లు నాటిన సందర్భాన్ని తీసుకొని 1973లో పరిశోధకుడు మార్టిన్ క్రీగర్, అటువంటి చెట్లలో తప్పేమిటని ప్రశ్నించాడు. పునర్నిర్మించిన ప్రకృతి నకలు చిత్రపటం వంటిదనీ, ఎంత పోలిక ఉన్నా మూలానికున్న విలువ దానికి రాదనీ 1982లో తత్వవేత్త రాబర్ట్ ఇలియట్ వాదించాడు. జవహర్‌నగర్ గుట్ట ఈ అసలు–నకలు విభజనను చిక్కులో పడవేస్తుంది. అక్కడి గడ్డి ప్రాణమున్న గడ్డే అయినా, దాని వేళ్ల కింద ఉన్నది కర్మాగారంలో తయారైన పొర, దాని కింద నగరం మరచిపోదలచిన చెత్త. పచ్చదనం అక్కడ నిజమైనదే, అది చూపరికి చెప్పే కథ మాత్రం నిజం కాదు.

అద్వైత వేదాంతం అవిద్యకు రెండు శక్తులను చెబుతుంది. ఉన్నదానిని మరుగుపరచేది ఆవరణ శక్తి, లేనిదానిని ఉన్నట్టు చూపేది విక్షేప శక్తి. మసక వెలుతురులో తాడు కనబడకపోవడం మొదటిది, దాని చోట పాము కనబడడం రెండవది. ఈ విభజన ప్రకారం చూస్తే, చెత్తను కప్పడం ఆవరణం మాత్రమే, అది కొన్నిసార్లు అవసరం కూడా. ఆ కప్పును పచ్చికబయలుగా చూపడం విక్షేపం. ఇసుక రంగు షీటు వేసినా వాననీటిని ఆపే పని ఆగదు కనుక, ఆకుపచ్చ రంగు గుట్ట కోసం వేసినది కాదు, చూసేవారి కోసం వేసినది.

శుద్ధి భావనకు కూడా ఒక చీకటి కోణం ఉంది. వాకిలిని ఊడ్చిన చెత్త ఊరవతలికి పోయింది, దానిని మోసిన కులాలు కూడా ఊరవతలనే ఉండవలసి వచ్చింది. నేటి నగరం ఆ ఏర్పాటునే పెద్ద కొలతలో కొనసాగిస్తోంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరానికి నీళ్లు తెస్తూ గండిపేట జలాశయం చేరే దిక్కున నవాబుపేట ప్రాంతం ఉంటే, నగరం తన చెత్తను పంపిన దిక్కున జవహర్‌నగర్ ఉంది. అక్కడి మల్కారం చెరువు చెత్త నుంచి ఊరే నల్లని మురుగుతో, అంటే లీచేట్‌తో, పాడైంది. గుట్ట మీద పచ్చదనం పరిచినంత మాత్రాన ఆ చెరువుకు జరిగిన అన్యాయం తీరిపోదు.

కర్మ సిద్ధాంతం ఇక్కడ మరింత సూటిగా ఉపకరిస్తుంది. సంచితం అంటే కూడబెట్టిన కర్మ, ప్రారబ్ధం అంటే ఫలమివ్వడం మొదలైన కర్మ, ఆగామి అంటే ఇకపై చేయబోయేది. పేరుకున్న చెత్త సంచితం. తవ్వి, జల్లెడ పట్టి, వేరుచేసే బయోమైనింగ్ దానిని కరిగించే మార్గం. ఇప్పటికే ఊరుతున్న లీచేట్, వెలువడుతున్న మీథేన్ ప్రారబ్ధం. వాటిని అనుభవించి తీర్చవలసిందే. రేపటి చెత్త ఆగామి. తడి, పొడి వేరుచేసే ఇంటి గుమ్మం దగ్గరే దానికి అడ్డుకట్ట. కృత్రిమ పచ్చిక ఈ మూడింటిలో దేనినీ క్షయం చేయదు, రెండోదానిని కొంతకాలం అదుపులో ఉంచుతుంది.

పాపం నుంచి బయటపడే మార్గాలలో మొదటిదిగా మనుస్మృతి పదకొండో అధ్యాయం ఖ్యాపనాన్ని, అంటే చేసిన తప్పును పదిమందిలో చెప్పుకోవడాన్ని పేర్కొంటుంది. ఆ దృష్టితో చూస్తే, కప్పు మట్టిదా ప్లాస్టిక్‌దా అన్నది రెండో ప్రశ్న; అది తన కింద ఉన్నదానిని ఒప్పుకుంటుందా అన్నది మొదటిది. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణ పల్లెల్లో డంపింగ్ యార్డూ, వైకుంఠధామమనే శ్మశానవాటికా ఒకే కార్యక్రమంలో వచ్చాయి. వైకుంఠధామంలో చితి ఆరినంత మాత్రాన చనిపోయినవారి పట్ల ఇంటివారి విధి ముగియదు, ఏడాదికోసారి తద్దినం వస్తూనే ఉంటుంది. మూసివేసిన చెత్తగుట్టను కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలని 2016 నియమాలు విధించిన షరతు కూడా ఆ కోవలోనిదే. గుట్టమీద ఏ పచ్చిక పరిచినా, లోపలి వాయువులను బయటికి వదిలేందుకు దాని నడుమ నిలిచే గొట్టాన్ని దాచకుండా, ఆ గుట్టలో ఏముందో, ఎవరిదో రాసిన పలకను దాని పక్కన నిలిపినప్పుడే ఆ కప్పు అలుకుతో పోల్చదగినదవుతుంది.