మిఠాయి పొట్లం

డిగ్రీ చదివే రోజుల్లో రెండేళ్లు జూడో నేర్చుకున్నాను. ఇంతవరకూ వీధిలో ఎవరినీ ఎత్తి పడేయలేదు. ఆ విద్య అక్కరకొచ్చింది ఒక్కసారే, వాన తడికి స్కూటర్ జారినప్పుడు. నా ప్రమేయం లేకుండానే గడ్డం ఛాతీకి ఆనింది, అరచెయ్యి నేలను చరిచింది. మోచెయ్యి దోక్కుపోయింది, తలకు దెబ్బ తగల్లేదు.

జూడోలో మొదట నేర్పేది పడటమే. ఉకెమి అంటారు. 1882లో కోడోకాన్ అనే జూడో బడిని స్థాపించిన జిగొరో కానో, పాత జుజుత్సులోని ప్రమాదకరమైన ఎత్తుల్ని పక్కనపెట్టి, పూర్తి బలంతో పెనుగులాడే మనిషి మీద సాధన చేయగలిగినవాటిని ముందుకు తెచ్చాడు. పదును తగ్గించాడనిపిస్తుంది. కానీ కన్ను పొడిచే విద్యను ఎవరి మీద సాధన చేస్తాం? గాలి మీద నేర్చింది గాలికే పనికొస్తుంది.

అయినా చాప మీద ఎదుటివాడు వంగి నమస్కరించి మరీ వస్తాడు. రోడ్డు మీద వాడి జేబులో ఏముందో, వెనక ఎందరున్నారో తెలీదు. గుండె దడకు వేళ్లు మొద్దుబారతాయి, చూపు ఇరుకవుతుంది, నాజూకు ఎత్తులన్నీ ముందే మరుపున పడతాయి. పైగా ఆత్మరక్షణలోనూ అవసరానికి మించి హాని చేయకూడదంటుంది భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్. న్యాయమే. ఆ అరక్షణంలో తూకం పట్టేదెవరు?

1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి కరాటేను అక్కడ పాదుకొల్పిన గిచిన్ ఫునకోషి తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు, రాత్రివేళ ఇద్దరు దారికాచి ఆపారు. ఆయన చేతిలో చనిపోయిన పెద్దలకు పెట్టడానికి తీసుకెళ్తున్న మిఠాయిలున్నాయి. ఇచ్చేసి తన దారిన వెళ్లిపోయాడు. తర్వాత ఈ మాట చెబితే గురువు ఇతోసు, నీకు విద్య నేర్పినందుకు ఫలం దక్కిందన్నట్టు సంతోషించాడు. అజాతో అనే ఇంకో గురువు మాత్రం, మరి పెద్దలకేం పెట్టావని అడిగాడు. మనసారా ప్రార్థన చేశానన్నాడు శిష్యుడు. అదీ కరాటే అంటే అన్నాడాయన.

భయపడి ఇచ్చినా, భయం లేక ఇచ్చినా పొట్లం అదే. చూసేవాడికి తేడా తెలియదు. ఇచ్చినవాడికి ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందన్న దాంట్లోనే ఉంటుంది తేడా. నేనైతే ఇచ్చేసి, నెలరోజులు మనసులో వాళ్లిద్దరినీ తంతూనే ఉండేవాణ్ణి.

పొట్లం కాదు, మనిషే కావాలని మీదికొచ్చేవాళ్లూ ఉంటారు. ఆడపిల్లలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడ ఇవ్వడానికేమీ ఉండదు. గొంతు చించుకుని అరవాలి, దొరికినచోట కొట్టాలి, పరుగెత్తాలి. అందంగా కొట్టామా లేదా అన్నది ఎవరికి కావాలి?

ఫునకోషికీ వృద్ధాప్యంలో అలాంటి ఘడియే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఓ రాత్రి ఒకడు ఆయన గొడుగు లాక్కుని దాంతోనే కొట్టబోయాడు. ముసలాయన వంగి తప్పించుకుని, వాడు మెలికలు తిరిగేలా ఆయువుపట్టు పట్టేశాడు. వాడు యుద్ధం నుంచి తిరిగొచ్చి, పని దొరకని సైనికుడై ఉంటాడని తర్వాత ఆయనకు అనిపించింది. తానే దాడికి దిగానని, శిష్యులకు వద్దన్న పనే చేశానని ఆయన సిగ్గుపడ్డాడు.