సారథి ధర్మము



భారతయుద్ధమున పదునాలుగవ దినము. సూర్యాస్తమయములోగా సైంధవుని వధింపనిచో అగ్నిప్రవేశము చేసెదనని అర్జునుడు ప్రతిన పూనియున్నాడు. ప్రొద్దు వాలుచున్నది, శత్రువింకను దూరముననున్నాడు. గుఱ్ఱములు బాణములు నాటి, దప్పికగొని, డస్సినవి. అప్పుడు శ్రీకృష్ణుడు కొరడా ఝళిపింపలేదు. రణమధ్యమున రథమును నిలిపి, గుఱ్ఱములను విప్పి, బాణములను పెఱికి, నీరు త్రాగించి, మరల పూన్చెను. ప్రతిజ్ఞయు నెరవేరినది. ఎంత తొందరయున్నను ఆగవలసినచోట ఆగుటయే సారథి ధర్మమని స్వామి చేసి చూపెను.

దుబాయిలోని అల్ ఖూజ్‌లో పనిచేయు మన బిడ్డలకు ఈ కథ చెప్పవలెను. షేక్ జాయెద్ రోడ్డునకు, అల్ ఖైల్ రోడ్డునకు నడుమ గిడ్డంగులు, వర్క్‌షాపులు, కార్మికుల వసతులు నిండిన ఆ ప్రాంతమున లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు ఎడతెగక తిరుగుచుండును. మారిషస్, దక్షిణాఫ్రికా, మలేసియాలలో రోడ్డునకు ఎడమప్రక్కన నడుపుట నేర్చిన యువకుడు అక్కడ కుడిప్రక్కన నడుపవలెను. రోడ్డు దాటువాడు మొదట ఎడమవైపు చూడవలెను. అలసిన కన్నులు పాత అలవాటునే వెదకును.

ఆ దేశపు క్రొత్త చట్టము 2025 మార్చి 29 నుండి లైసెన్సు వయస్సును 18 నుండి 17 ఏండ్లకు తగ్గించినది. 2017 నుండి వెనుక సీటువారికిని బెల్టు తప్పనిసరి. నడుపుచు ఫోను పట్టినచో 800 దిర్హములు జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు. చట్టము వయస్సును లెక్కింపగలదు, వివేకమును ఇయ్యలేదు. కఠోపనిషత్తు దేహమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను, బుద్ధిని సారథిగను చెప్పినది. ఫోను మ్రోగినంతనే చేయి అటు పోయినచో, పగ్గము ఎవరి చేతిలోనున్నట్లు?

క్రొత్త బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రములతో నిమ్మకాయలు త్రొక్కించి, ఇక దేవుడే చూచుకొనునందుము. పూజ మంచిదే. కాని బెల్టు పెట్టుకొనక నిమ్మకాయను నమ్ముట భక్తి కాదు, దేవుని పరీక్షించుట.

గిర్మిట్ కాగితముపై వేలిముద్ర వేసిన మన పూర్వులకు తోటలో ఎప్పుడు ఆగవలెనో సర్దారు చెప్పెడివాడు. నాయనా, నేడు బ్రేకు నీ పాదము క్రిందనే యున్నది. ఆలస్యమైనందుకు యజమాని చీవాట్లు పెట్టవచ్చును. చీవాట్లు మఱచిపోవచ్చును, పోయిన ప్రాణము తిరిగిరాదు. నీదియే కాదు, రోడ్డు దాటుచున్న వేరొక తల్లిబిడ్డది కూడ.

తల్లిదండ్రులారా, బిడ్డకు ఫోను చేసినపుడు మొదట "బండి నడుపుచున్నావా?" అని అడుగుడు. అవునన్నచో వెంటనే పెట్టివేయుడు. ఆనాటికి అదియే మీ పూజ.

శుభమస్తు.