సర్కారు కంప

మా ఊరి చెరువుగట్టు మీది సర్కారు తుమ్మను ఎవరూ నాటలేదు. మేకలు కాయలు తింటాయి, పెంటికల్లో గింజలు చెక్కుచెదరకుండా బయటపడతాయి, ఒక్క వాన పడితే చాలు. గొడ్డలితో నరికితే మోడు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. పుట్టిల్లు అమెరికా ఖండాలు. వంటచెరుకుకు పనికొస్తుందని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు.

ఈ కంపలాగే యంత్రం కూడా తనలాంటి యంత్రాన్ని తానే తయారుచేసుకోగలదని గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ సిద్ధాంతరీత్యా చూపించాడు. 1980లో భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ టిప్లర్ దాన్ని ఆకాశానికి ఎక్కించాడు. ఎక్కడైనా ఒక్క నాగరికత అలా తన నకళ్లను తానే చేసుకునే నౌకను ఒక్కదాన్ని వదిలినా, అది చేరిన చోటల్లా రాళ్లు తవ్వుకుని పిల్లల్ని పెడుతూ 30 కోట్ల ఏళ్లలో పాలపుంతను నింపేస్తుందన్నాడు. ఇక్కడ ఒక్కటీ లేదు కాబట్టి పంపేవాళ్లే లేరట! లెక్క వరకు తప్పు పట్టలేం. ఒకటి రెండుగా 37 సార్లు రెట్టింపైతే 13 వేల కోట్లు దాటుతుంది.

రక్తబీజుడి కథ తెలిసినవాళ్లకు ఆ లెక్క కొత్త కాదు. బొట్టు నేల తాకకముందే పట్టడానికి కాళికి నాలుక ఉంది. నౌకను వదిలినవాడికి ఏముంది? 1983లో శాస్త్రవేత్తలు కార్ల్ సేగన్, విలియం న్యూమన్ టిప్లర్‌కు ఇచ్చిన జవాబూ ఇంచుమించు ఇదే: బుద్ధి ఉన్నవాడెవడూ అలాంటిదాన్ని చేయడు. చదవగానే తలూపాను. తర్వాత గట్టు గుర్తొచ్చింది. కంపను తెచ్చినవాళ్లు బుద్ధిలేనివాళ్లా?

నాకు తోచేది వేరు. వాయేజర్ 1 వ్యోమనౌక సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో, అతి దగ్గరి నక్షత్రమంత దూరం పోవడానికే 70 వేల ఏళ్లు పైమాట. ఎంత వేగం పెంచుకున్నా, వెయ్యో తరం నకలు నాటికి పంపినవాడు ఉంటాడా? నకలు తీసిన కొద్దీ తప్పులు పేరుకుంటాయి. కొన్ని తప్పులకు వంశం అంతరిస్తుంది, కొన్నింటికి వేరే జాతి అవుతుంది. తాడి నాటే తాతకు, పండు తినేది మనవడే అన్న భరోసా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. పంపకపోవడానికి భయం కన్నా ఇదే పెద్ద కారణమేమో. అయినా ఎవడో ఒకడు, వెనకటికి ఎప్పుడో, విసిరేసి ఉండొచ్చు.

మొన్న గట్టు మీద మేకల కాపరిని అడిగాను, ఈ కంపను ఎవరు తెచ్చారో తెలుసా అని.

"ఎవరో తేవడమేంది సారూ, ఇది ఇక్కడిదేగా. మా తాత కాళ్లక్కూడా దిగింది ఈ ముల్లే" అన్నాడు.