మత్తుమందు ముందు తవక్కుల్

వెన్నుపూసకో, మెదడుకో ఆపరేషన్ అవసరమని తెలిస్తే ఇల్లంతా దిగులుపడుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వెళ్ళినప్పుడు మమ్మల్ని కొందరు ఇలా అడుగుతుంటారు: "మౌలానా సాబ్! ఒంటికి సూదులు, తీగలు పెట్టించుకొని మిషన్లను నమ్ముకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదా? మత్తులోనే ప్రాణం పోతే కలిమా పలికే భాగ్యం కూడా దక్కదు కదా!"

ముందు ఆ తీగల సంగతి తెలుసుకుందాం. మత్తులో ఉన్న రోగి నొప్పి అని చెప్పలేడు, కాలు కదపమంటే కదపలేడు. అందుకే తలకు, చేతులకు, కాళ్ళకు సన్నని సూదులు అమర్చి, స్వల్ప విద్యుత్తు పంపి, నరాల సంకేతాలు సరిగా అందుతున్నాయో లేదో గమనిస్తారు. సంకేతం బలహీనపడితే డాక్టరు ఆగి, కారణం వెతుకుతాడు. నోరు పలకలేని వేళ మనిషి పక్షాన అతని నరాలే సాక్ష్యమిస్తాయన్నమాట. మరికొన్నిసార్లు రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే మెదడులోని గడ్డను తీస్తారు. 2017లో గుంటూరులో, 2022లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో రోగులకు సినిమా చూపిస్తూ ఇలాంటి ఆపరేషన్లు చేశారు. శరీరమంతటి నొప్పినీ తెలిపే మెదడుకు తనను కోసే నొప్పి తెలియదు. సృష్టికర్త మహిమను గ్రహించండి!

ఇక తవక్కుల్ విషయం. ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు దానిని కట్టి, తర్వాత అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) కాలు తొలగించవలసి వచ్చినప్పుడు మత్తు పదార్థం వద్దన్నారని చరిత్రకారులు రాశారు. ఆయన మత్తును కాదన్నారేగాని చికిత్సను కాదనలేదు. ఆ సహనం ఆయన స్థాయి. అందరికీ అది విధి కాదు.

కలిమా గురించిన భయం మంచిదే. కానీ నిద్రలో కూడా ఆత్మలను తీసుకునేది అల్లాహ్‌యేనని, మరణం రాయబడని వారి ఆత్మలను తిరిగి పంపేదీ ఆయనేనని జుమర్ సూరా 42వ ఆయత్ తెలుపుతోంది. ప్రతి రాత్రీ మనం ఆ అప్పగింతలోనే ఉన్నాం. కనుక ఆపరేషన్‌కు ముందే తౌబా చేసుకోవాలి, అప్పులు, వసీయత్ రాసిపెట్టాలి, నొప్పించినవారిని క్షమాపణ కోరాలి.

మరో మాట. మెలకువ వచ్చాక ఒంటిపై సూది గుర్తులు, నాలుకపై పంటిగాటు చూసి కంగారుపడేవారుంటారు. దేహం అల్లాహ్ అమానత్. దానికి ఏం చేయబోతున్నారో ముందే చెప్పడం డాక్టరు బాధ్యత. వేలిముద్ర వేసే కాగితాన్ని రోగికి చదివి వినిపించడం చదువుకున్న బిడ్డల బాధ్యత.

మిషన్ ప్రమాదాన్ని తెలుపగలదు, స్వస్థతనివ్వలేదు. స్వస్థత ప్రసాదించేది అల్లాహ్ మాత్రమే. ఆయన మన రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.