మందుబిళ్ళయు దాసోహమే



బసవేశ్వరుడు లోకమునకు అనుగ్రహించిన రెండు మాటలు మన సమాజమునకు రెండు కన్నుల వంటివి. ఒకటి కాయకము, రెండవది దాసోహము. చేతులార కష్టించి ఆర్జింపవలెను. ఆర్జించినది తనదని తలపక సమాజమునకు సమర్పింపవలెను. ఈ రెంటిని ఎరుగని వీరశైవుడు లేడు. కాని వయసు మళ్ళి, రోగము ముసరి, ప్రతిదినము మందు లేనిదే దేహము నిలువని స్థితి వచ్చినప్పుడు, ఆ మందు కొనుటకు పైకము చాలనప్పుడు, శరణుడైనవాడు ఏమి చేయవలెను? సాయము కావలెనని నోరు తెరచి అడుగుట యాచన యగునా? అడుగక మందు మానుట నిష్ఠ యగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనము వలన కలిగినది కాదు. ఒక రసీదు పుస్తకము వలన కలిగినది.

మా మఠములో సోమవారము నాడు జరుగు అన్నదాసోహమునకు చందాలు స్వీకరించి రసీదులు వ్రాయు పని కొన్ని సంవత్సరములుగా నాది. కుట్టుపని చేసి జీవించు ఒక వృద్ధ శరణుడు ప్రతి నెల మొదటి సోమవారమున 300 రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టెడివాడు. అంతకు రెండేండ్ల క్రిందట ఆయనకు గుండెపోటు రాగా, ప్రభుత్వ పథకము క్రింద వైద్యులు రక్తనాళములో స్టెంటు అమర్చిరి. ఆ చికిత్సకు ఆయన చేతినుండి పైకము పడలేదు. "శివుడు రెండో జన్మ ఇచ్చాడు" అని ఆయన అందరితో చెప్పుకొనెడివాడు.

ఒకనాడు ఆయన కుట్టుమిషను ముందే ఒరిగిపోయెను. ఆసుపత్రిలో వైద్యుడు, మందులు సరిగా వాడుచున్నాడా అని అడుగగా, ఆయన భార్య కన్నీటితో నిజము చెప్పెను. మందులకు నెలకు 1500 రూపాయలు దాటుచుండెను. అది భరింపలేక ఆయన ఎనిమిది నెలలుగా గుండె మందులను దినము విడిచి దినము మింగుచు, రక్తపోటు మాత్రను సగమునకు విరిచి వాడుచుండెను. "మఠానికిచ్చే మూడు వందలైనా ఈ కొన్నాళ్ళు ఆపండి అని మొత్తుకున్నానయ్యా. అది దేవుడి సొమ్ము, దాని జోలికి రావద్దన్నారు" అని ఆమె నాతో చెప్పెను. ఆయన ప్రాణము దక్కినది. కాని పక్షవాతముచే కుడిచేయి పడిపోయినది. నలుబది ఏండ్లు పట్టిన కత్తెర ఆ చేతికి మరల అందలేదు.

ఆ ఎనిమిది నెలల రసీదుల మీదను ఉన్నది నా చేవ్రాలే.

ఆయన చేసినది త్యాగమని మాలో కొందరు కొనియాడిరి. నేనును మొదట అట్లే తలచితిని. కాని ఎంత ఆలోచించినను నా మనస్సు దానికి సమ్మతింపలేదు. కారణమును శరణుల చరిత్రములోనే చూపుదును.

ఆయ్దక్కి మారయ్య కథ మనలో ఎరుగనివారు అరుదు. కల్యాణములో నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తేగా, ధర్మపత్ని లక్కమ్మ అంగీకరింపలేదు. మనకు కావలసినదానికి మించినది ఆశయే యగునని, అధికమైన గింజలను తిరిగి పోసి రమ్మని పంపెను. ఈ కథను మనము ఎల్లప్పుడు ఒకవైపు నుండియే చెప్పుకొందుము. అవసరమునకు మించినది మనది కాదని బోధింతుము. అది సత్యమే. కాని ఆ గీతకు రెండవ వైపు కలదు. లక్కమ్మ అధికమును త్రిప్పి పంపినదే కాని ఆ పూటకు కావలసిన గింజలను త్రిప్పి పంపలేదు. అవసరము ఇంతయని ఆమె ఎరుగును. అవసరమునకు మించి ఉంచుకొనుట ఎట్లు ఆశయో, అవసరమైనదానిని విడుచుట అట్లే ఆ గీతను తప్పుట. ఈ దేహము ఇష్టలింగమును ధరించు దేహము. దానిని నిలుపు మందు వృద్ధునికి ఆ పూట గింజల వంటిది. దానిని సమర్పించుటకు ఆయనకు అధికారము లేదు. స్వీకరించుటకు మాకును లేదు.

ఇక్కడ ఒకరు మోళిగె మారయ్య కథను గుర్తు చేయవచ్చును. కట్టెలమ్మి జీవించు ఆ శరణుని పేదరికము చూచి బసవేశ్వరుడు ఆయన ఇంట రహస్యముగా ధనముంచగా, మారయ్య దానిని తనకై తాకక జంగములకు ఇచ్చివేసెనని, బసవేశ్వరుడు తన పొరపాటు గ్రహించెనని పెద్దలు చెప్పుదురు. కావున పేద శరణుడు సాయమును నిరాకరించుటయే గొప్పయని వారి వాదము. నేను దీనిని వేరుగా గ్రహించితిని. మారయ్యకు లోటు లేదు. ఆయన కట్టెల కాయకము ఆయన ఇంటి గంజికి చాలియుండెను. లోటు లేనిచోట లోటు చూచుట అక్కడి పొరపాటు. మా పొరపాటు దానికి విపరీతము. లోటు మా యెదుటనే కూర్చుండి బట్టలు కుట్టుచుండగా మేము చూడలేదు. రెండుచోట్లను తప్పిన పని ఒక్కటే: పోయి అడిగి తెలిసికొనుట.

అడుగుట యాచనయా అను ప్రశ్నకు వత్తును. దానమునందు ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద ఉందురు. దాసోహమునందు అట్లు కాదు. ఇచ్చువాడే దాసుడు, ఇచ్చునది శివుని సొమ్ము, పుచ్చుకొనువానికి చేరునది ప్రసాదము. మఠములో పంక్తిని కూర్చుండి అన్నప్రసాదము స్వీకరించిన వానిని యాచకుడని మనమెవ్వరమును అనము. అన్నమునకు లేని సిగ్గు మందునకు ఎందుకు కలుగవలెను? ఆ సిగ్గు రోగి పుట్టించుకొన్నది కాదు, మనము పుట్టించినది. సాయము కోరినవానిని సభలో నిలువబెట్టి, శాలువ కప్పి, ఫోటో తీయించి, పత్రికలో పేరు వేయించుచున్నాము. మానధనుడైన వృద్ధుడు దానికంటె మాత్రను విరుచుటయే మేలనుకొనుటలో వింత లేదు.

ఈ రోగముల స్వభావము కూడ మన నిర్లక్ష్యమునకు తోడగుచున్నది. రక్తపోటు నొప్పి లేని రోగము. మందు మానిన మరునాడు ఏమియు కాదు. అందుచే మానవచ్చునను భ్రాంతి కలుగును. లోలోపల గుండెయు, మెదడును, మూత్రపిండములును దెబ్బతినుచుండును. స్టెంటు వేసిన పిదప రక్తము గడ్డకట్టకుండుటకు ఇచ్చు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులను వైద్యుడు చెప్పక మునుపే మానిన, ఆ స్టెంటులోనే రక్తము గడ్డకట్టవచ్చును. మెటోప్రోలోల్ వంటి మందును హఠాత్తుగా ఆపుట ప్రమాదకరము. శస్త్రచికిత్సకు లక్షలు సేకరించుట సులభము. అందరి కన్నులును అటే ఉండును. పిదప ఇరువది ఏండ్లు ప్రతి ఉదయము మింగవలసిన బిళ్ళకు దాత లేడు. గదులు కట్టించినవారి పేర్లు మఠముల గోడలపై చెక్కియున్నవి. బిళ్ళకు శిలాఫలకము లేదు.

ప్రభుత్వ పథకములలోను ఈ తారతమ్యము కలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ముఖ్యముగా ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకు ఉద్దేశింపబడినవి. ఆయుష్మాన్ భారత్ క్రింద ఇంటికి పంపిన పిదప 15 దినముల వరకు మందులు లభించును. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఒక సంవత్సరము వరకు తదుపరి వైద్యము కలదు. ఆంధ్రప్రదేశములో ఈ పథకము 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవ యను పేర నడచుచున్నది. ఆ గడువు ముగిసిన పిదప మందుల భారము చాలమందికి ఇంటి మీదనే పడుచున్నది.

అయినను మార్గములు లేకపోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో రక్తపోటు మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. 2017లో దేశములో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమమున తొలి ఐదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. 2008లో ప్రారంభమైన జన ఔషధి దుకాణములలో మందులు కంపెనీ పేరుగల మందుల వెలకంటె సాధారణముగా 50 నుండి 80 శాతము వరకు తక్కువకు దొరకును. 2023 నవంబరులో దేవఘర్‌లో పదివేలవ దుకాణము తెరచిరి. వైద్యుడు చీటిపై మందు యొక్క అసలు పేరు, అనగా టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ అని వ్రాసిన అక్కడ తేలికగా దొరకును. అట్లు వ్రాయుమని వైద్యుని మర్యాదగా కోరవచ్చును. కుమారుడో కుమార్తెయో ఇ.ఎస్.ఐ. వర్తించు సంస్థలో పని చేయుచున్నచో, వారిపై ఆధారపడిన తల్లిదండ్రులకు ఆ వైద్యశాలలో మందులు లభించును. ఏ మందు మార్చినను వైద్యునితో చెప్పియే మార్చవలెను.

మేమును ఆ వృద్ధుని చీటిని తీసికొని వైద్యుని అనుమతితో విచారించితిమి. ఆయన ఇంటికి రెండు వీధుల దూరములోనే జన ఔషధి దుకాణము కలదు. అవే మందులు నెలకు నాలుగు వందలకు మించలేదు. ఆయన మాకు ఇచ్చిన 300 రూపాయలకు మరియొక నూరు చేర్చిన చాలియుండెడిది. ఆయనకు లోపించినది ధనము కాదు. వెంట నడచి ఆ దుకాణము చూపు మనిషి. ఆ మాట తలచినప్పుడెల్ల నాకు ఆ చేయి కనబడును.

ఇట్లు ఇచ్చుచు పోయిన జనులు సోమరులగుదురని, కాయకము చెడునని కొందరు శంకింతురు. వారికి నా సమాధానము ఆ కుట్టుపనివాని చేయియే. అందని మందు ఆయన కాయకమును హరించినది. అందిన మందు దానిని నిలిపియుండెడిది. రోగమును అదుపులో నుంచు మాత్ర సోమరితనమునకు కూలి కాదు. అది కాయకమునకు పనిముట్టు. కుమ్మరికి చక్రమును సమకూర్చిన సమాజము ఆ చక్రము త్రిప్పు చేతికి మాత్రను సమకూర్చుటకు వెనుదీయరాదు.

మా మఠములో ఇప్పుడు ఒక చిన్న మార్పు జరిగినది. ఇద్దరు యువకులు ప్రతి నెలయు వృద్ధుల ఇండ్లకు పోయి మందుల చీట్లు చూచి, ఆరోగ్య కేంద్రమునకో దుకాణమునకో వెంట తీసికొనిపోవుచున్నారు. ఇంకను తక్కువైన పైకము దాసోహ నిధినుండి చెల్లును. ఆ లెక్కలో మొత్తములు కలవు, పేర్లు లేవు. రసీదు వ్రాయుటకు ముందు నేను తలయెత్తి ఒక ప్రశ్న అడుగుదును: "అయ్యా, ఈ నెల మందులు తెచ్చుకున్నారా?" మొదట కొందరు నొచ్చుకొనిరి. ఇప్పుడు కొందరు ఆ ప్రశ్న కొరకే వచ్చి కూర్చుండుచున్నారు.

ఆ వృద్ధ శరణుడు నేటికిని మొదటి సోమవారమున భార్య చేయి పట్టుకొని వచ్చును. మొన్న ఆయన ఎడమచేతితో పది రూపాయల నోటు అందించెను. నేను మందుల మాట అడిగితిని. ఆయన జేబులోని పొట్లమును తీసి చూపెను. అప్పుడే రసీదు వ్రాసితిని.