జావ వడ్డించేది ఎవరి కోసం?

తైవాన్‌లో పొద్దున్నే తాగే బియ్యపు జావలో చిలగడదుంప ముక్కలు ఉడుకుతాయి. బియ్యం చాలని కాలంలో ఇళ్లలో కడుపులు నింపింది ఆ దుంపే. పక్కన ఊరవేసిన ముల్లంగితో వేసిన ఆమ్లెట్, వేయించిన వేరుశనగ గుళ్లు, పులియబెట్టిన టోఫూ. ఒక విద్యార్థి సాంస్కృతిక సంఘం అతిథులను పిలిచి ఇవన్నీ వడ్డిస్తే అది ప్రదర్శనా, దానమా?

బౌద్ధం ఈ విషయాన్ని ఏనాడో పట్టించుకుంది. భిక్షువుల నియమావళి అయిన వినయంలోని మహావగ్గ భాగంలో బుద్ధుడు జావకు 10 ప్రయోజనాలు చెప్పాడు: ఆయువు, వర్ణం, సుఖం, బలం, ప్రతిభ, ఆకలిదప్పులు తీరడం, తిన్నది అరగడం వంటివి. గమనించండి, ఇవన్నీ తాగేవాడికి దక్కేవే. ఇచ్చేవాడి పుణ్యం ఆ లెక్కలో లేదు. జావ గురించి ఇలాంటి మాటలే మహాసాంఘికులనే ప్రాచీన బౌద్ధ సంప్రదాయం వినయంలోనూ ఉన్నాయి; చైనా యాత్రికుడు ఫాహియాన్ పాటలీపుత్రంలో సంపాదించిన ఆ గ్రంథం 5వ శతాబ్దంలో చైనా భాషలోకి వెళ్లింది. ఆ మహాసాంఘికుల శాఖలే మన అమరావతి, నాగార్జునకొండల్లో వర్ధిల్లాయి.

తైవాన్‌లో 1967లో మొదలైన ఫోగువాంగ్‌షాన్ విహారం, బుద్ధుడి జ్ఞానోదయాన్ని తలచుకునే చాంద్రమాన 12వ నెల 8వ రోజున నేటికీ జావ పంచుతుంది.

ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, ఇచ్చే వస్తువు: ఈ మూడింటి మీదా మమకారం ఉండకూడదంటుంది మహాయానం. పాటించడం కష్టమే. ‘మా సంస్కృతి’ అన్న గర్వం గరిటెతోపాటే గిన్నెలోకి దిగుతుంది. అందుకే ఆ సంఘం ముందుగా అతిథులు ఏం తింటారో అడగాలి; పంది మాంసపు పొడి ఉంటే దాన్నీ, గుడ్డునూ వేరే బల్ల మీద ఉంచాలి; వడ్డించిన విద్యార్థులూ వాళ్ల పక్కనే కూర్చుని తినాలి.