విహారయాత్రలో బస ఎక్కడ?



ఎండాకాలపు సెలవులు రాగానే చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం ప్రాంతపు మన ఇండ్లలో పిల్లలు అడిగేది ఒక్కటే: వండర్లాకు ఎప్పుడు పోదాము? 2005లో బిడది దగ్గర ఆ పార్కు తెరచిన నాటినుండి ఈ మాట వింటూనే ఉన్నాము. ఏ ఆట ఎక్కడానికి ఎంత ఎత్తు ఉండాలో పిల్లలే మనకు చెబుతారు. పెద్దలకు మిగిలే ప్రశ్న వేరు: రాత్రి ఎక్కడ దిగాలి?

చూడడానికి చిన్న ప్రశ్నే. అయితే దీనివలన అక్కచెల్లెండ్ల మధ్య మాటలు నిలిచిపోవడమూ ఉన్నది. గనుక కొంచెము నిదానముగా ఆలోచిద్దాము.

మొదట దూరము సంగతి. చింతామణినుండి బెంగుళూరు సుమారు 75 కిలోమీటర్లు. బిడది నగరానికి అవతలి కొసన, మైసూరు రోడ్డుమీద మరి 30 కిలోమీటర్లు. 2023 అక్టోబరునుండి కృష్ణరాజపురములో మెట్రో ఎక్కితే చల్లఘట్ట వరకు దిగే పని లేదు. అయినా పసిపిల్లలతో, ముసలివారితో తెల్లవారుజామున బయలుదేరి, పగలంతా నీళ్ళలో ఆడి, అదే రాత్రి ఇల్లు చేరడము కష్టమే. ఒక రాత్రి బస కావాలి.

మన ముందు రెండు దారులున్నవి. పార్కు పక్కనే 2012లో తెరచిన రిసార్టు గాని, ఏదైనా లాడ్జి గాని ఒకటి. బెంగుళూరులో స్థిరపడిన చెల్లెలి ఇల్లో, అన్న ఇల్లో మరొకటి. మొదటిది ఖర్చు, రెండవది ఉచితము అని మనము లెక్క వేస్తాము. ఈ లెక్కలోనే పొరపాటున్నది.

ఆరుగురము పోయి రెండు గదుల అద్దె ఇంట్లో దిగామనుకుందాము. ఆ ఇంటి ఇల్లాలు మరునాడు పనికి పోవాలి. ఆమె అయిదింటికి లేచి ఇడ్లీలు పెట్టాలి, పరుపులు సర్దాలి, మన తడి బట్టలకు తీగె వెదకాలి. 2024 వేసవిలో బెంగుళూరులో బోర్లు ఎండి, ట్యాంకరు నీళ్ళకోసము జనము ఎంత అవస్థపడ్డారో మనకు తెలుసు. అట్టి ఊరిలో ఆరుగురి స్నానము చిన్న సంగతి కాదు. ఉచితమనుకున్న బసకు ఖర్చు లేకపోలేదు. అది మన జేబునుండి పోక ఇంకొకరి ఒంటి కష్టమునుండి పోతున్నది.

అట్లయితే ఎవరింటికీ పోకూడదా? అది సరి కాదు. ఊరు విడిచి వలస పోయినవారికి సొంత ఊరి మాట వినడమే ఒక పండుగ. పిల్లలు ఒక చాప మీద పడుకొని, రాత్రంతా కబుర్లు చెప్పుకుంటేనే చుట్టరికము నిలుస్తుంది. అందరము లాడ్జీలలోనే దిగితే అక్కచెల్లెండ్ల బిడ్డలు ఒకరికొకరు పరాయివారైపోతారు.

గనుక మనలను మనము ఒక మాట అడుగుకోవాలి. పార్కు లేకపోయినా ఆ ఇంటికి పోయేవారమా? అవును అంటే నిశ్చయముగా పోదాము. కాదు అంటే మనము చుట్టాన్ని చూడడానికి పోవడము లేదు, ఆమె ఇంటిని సత్రము చేసుకుంటున్నాము.

సత్రములో దిగడము తప్పు పని కాదు. బెంగుళూరు రైలు స్టేషను దగ్గర గుబ్బి తోటదప్పగారు కట్టించిన సత్రము 1903లో తెరచినది. ఊరు తెలియని ప్రయాణికుడు తల దాచుకోవడానికే అట్టివి కట్టించారు. అక్కడ దిగినవాడు చుట్టాలను అవమానపరచాడని ఎవరూ అనలేదు. లాడ్జిలో దిగిన అన్న మీద చెల్లెలు అలగడమూ అంతే అన్యాయము. అయితే ఊరిదాకా వచ్చి, గుమ్మము తొక్కకుండా పోతే ఆమె నొచ్చుకోవడములో తప్పు లేదు.

మరి ఏమి చేయాలి? “మేము వస్తున్నాము” అన్నది సమాచారమే గాని ప్రశ్న కాదు. “మీకు వీలవుతుందా, లేకపోతే గది తీసుకుంటాము” అన్నది ప్రశ్న. దానిని బావగారిని మాత్రమే కాదు, వంట చేసే చెల్లెలిని అడగాలి. “ఈసారి కాదు” అని ఆమె అంటే మనసులో పెట్టుకోరాదు. అవ్వకు ఆటలు అక్కరలేదు, కూతురితో రెండు రాత్రులు గడపాలని ఉన్నది అనుకుందాము. కూతురికీ వీలైతే అవ్వను అక్కడ ఉంచి, మిగిలినవారము గదిలో దిగవచ్చును. చెల్లెలి పిల్లలకు కూడ టికెట్టు తీస్తే ఆ ఇంట్లో మనము అతిథులము మాత్రమే కాము.

బెంగుళూరులో ఉన్న మన కుటుంబములకు కూడ ఒక మాట. వీలు లేనప్పుడు వీలు లేదని ప్రేమతో చెప్పండి. నోటితో రమ్మని, ముఖము ముడుచుకొని వడ్డించిన అన్నముకంటె ఆ మాటే మేలు.